కోనసీమ గాలికి, గోదారి వరదకి తట్టుకునే కంప్యూటర్ పెట్టె: ఇంట్లోనే చేసుకుందాం

ఈ ఎపిసోడ్ కంప్యూటర్ క్యాబినెట్ గురించి. కొట్టులో కొనేది కాదండోయ్, చెక్కతో ఇంటి దగ్గర మనమే చేసుకునేది. ఇదిగో, నా పక్కన బల్ల మీద ఉన్నది అలాంటిదే. దీన్ని చూపిస్తూ ఒక్కో పని ఎందుకు, ఎలా చెయ్యాలో చెప్తాను.

ముందే ఒక మాట. డబ్బు మిగుల్తుందని మాత్రం ఈ పని మొదలెట్టకండి. రెండు మూడు వేలు పెడితే రేకు క్యాబినెట్ ఇంటికొచ్చేస్తుంది. ప్లైవుడ్, స్క్రూలు, ఫ్యాన్లు, వార్నిష్ అన్నీ కలిపితే మనకీ దాదాపు అంతే అవుద్ది. మరి ఎందుకీ తంటా అంటారా? మన ఊళ్ళ గురించి ఆలోచించండి.

అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా మనది సముద్రపొడ్డు. రాజోలు అయినా, అమలాపురం అయినా సముద్రానికి దూరమేం కాదు. సైకిల్ చైను, గేటు బందులు, కిటికీ ఊచలు ఎంత తొందరగా తుప్పు పడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. చవక క్యాబినెట్‌లో వాడేది పల్చటి ఇనప రేకు. పైన పెయింట్ ఉంటుంది గానీ, కోసిన అంచుల దగ్గర, స్క్రూ కన్నాల దగ్గర పెయింట్ లేచిపోతుంది. తుప్పు అక్కడ మొదలవుద్ది. ఆ పొడి రాలేది ఎక్కడికి? లోపలున్న బోర్డు మీదకే.

రెండోది గోదారి. 1986 ఆగస్టు వరద గురించి ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, గంటసేపు చెప్తారు. 2022 జులైలో వచ్చింది మనమే చూశాం. లంక గ్రామాల్లో నీళ్ళొస్తున్నాయంటే ముందు బియ్యం, కాగితాలు, టీవీ అటకెక్కుతాయి. కంప్యూటర్‌ని పట్టుకుని ఎత్తడానికి రేకు డబ్బాకి పిడి కూడా ఉండదు.

మూడోది ఇంకా పెద్దది. మన వైపు చాలా ఇళ్ళల్లో కంప్యూటర్ అంటే కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న అమ్మ పంపిన డబ్బు. ఒక బోర్డు కాలిపోతే షాపువాడికి అది ఒక పార్టు మాత్రమే. ఆవిడకి మాత్రం ఇంకొన్ని నెలల చాకిరీ. కాబట్టి పెట్టె అందంగా ఉందా లేదా అన్నది తర్వాత చూద్దాం. లోపలి వస్తువు బతకాలి, ముట్టుకున్న మనిషికి షాక్ కొట్టకూడదు. ఈ రెండూ ముందు.

చెక్క పెట్టెలో కంప్యూటరేంటి అని నవ్వేవాళ్ళకి ఒక సంగతి చెప్పండి. 1976లో ఆపిల్ కంపెనీ అమ్మిన మొదటి కంప్యూటర్ ఆపిల్-1. ధర 666 డాలర్ల 66 సెంట్లు. ఆ డబ్బుకి వచ్చింది బోర్డు ఒక్కటే. పెట్టె లేదు, కీబోర్డు లేదు, పవర్ సప్లై లేదు. కొన్నవాళ్ళే చెక్కతో పెట్టెలు చేసుకున్నారు. అలాంటిదొకటి అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 2021లో కోవా చెక్క పెట్టెతో ఉన్న ఇంకొకటి వేలంలో 4 లక్షల డాలర్లు పలికింది. ఇప్పటి సంగతికొస్తే, స్వీడన్ కంపెనీ ఫ్రాక్టల్ డిజైన్ 2022లో ముందువైపు చెక్క పట్టీలు పెట్టి నార్త్ అనే క్యాబినెట్ తెచ్చింది. చెక్కపని మనకేం కొత్త కాదు కదా.

సరే, పనిలోకి వద్దాం.

ఏ చెక్క?

చెక్క వానాకాలం తాగుద్ది, ఎండాకాలం కక్కుద్ది. అంటే తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరి ముడుచుకుంటుంది. వెడల్పాటి పలక ఒక్కటే పెట్టి పక్క గోడ చేశారనుకోండి, ఆషాఢానికి వంగి తలుపు పట్టదు. ప్లైవుడ్‌లో పొరలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటించి ఉంటాయి కాబట్టి అంతలా వంగదు. అందుకే గోడలకి 12 మి.మీ. ప్లైవుడ్ వాడదాం. కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర దగ్గర 710 అంకె ఉందో లేదో చూడండి. అది నీళ్ళకి ఆగే రకం. 303 అని ఉంటే మామూలు రకం, తేమకి కొంతవరకే ఆగుద్ది. చెక్కపొట్టుతో చేసిన పార్టికల్ బోర్డు జోలికి మాత్రం వెళ్ళకండి. ఒకసారి నీరు తగిలిందా, అటుకుల్లా ఉబ్బుతుంది.

షీటు మొత్తం కొనక్కర్లేదు. 8 అడుగులు, 4 అడుగుల షీటు అంటే 32 చదరపు అడుగులు. మనకి కావాల్సింది 7 చదరపు అడుగులే. మీ ఊళ్ళో వడ్రంగి మేస్త్రి గారి దగ్గరికెళ్ళి మిగిలిన ముక్కలు అడగండి. రంపం కోత కూడా ఆయన చేతే వేయించండి. నాలుగు మూలలూ మూలమట్టానికి సరిగ్గా వస్తే సగం పని అయిపోయినట్టే.

ముందువైపు పట్టీలకి మాత్రం అసలు చెక్క పెట్టుకోవచ్చు. పాత పెంకుటిల్లు విప్పిన చోట టేకు ద్వారబంధాల ముక్కలు దొరికితే వదలకండి. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క, అంతగా వంగదు. కొబ్బరి చెక్క కూడా బాగుంటుంది. ముదురు చెట్టు కాండంలో బయటి భాగం గట్టిగా, గోధుమరంగు చుక్కలతో ఉంటుంది. లోపలి గుజ్జు మెత్తన, అది పనికిరాదు. 1996 నవంబర్ 6 తుఫానులో మన కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో విని ఉంటారు. కొబ్బరి చెట్టు పడితే పొయ్యిలోకే అనుకుంటాం గానీ, ఆ బయటి చెక్కకి మంచి పనితనం ఉంది. బాగా ఆరబెట్టి, పురుగు మందు పట్టించి వాడాలి. రంపం పళ్ళు మాత్రం తొందరగా మొద్దుబారతాయి.

కొలతలు

ఏటీఎక్స్ బోర్డు 305 మి.మీ. పొడవు, 244 మి.మీ. వెడల్పు. మైక్రో ఏటీఎక్స్ రెండు వైపులా 244. మినీ ఐటీఎక్స్ రెండు వైపులా 170. ఎక్కువమంది దగ్గర ఉండేది మైక్రో ఏటీఎక్స్, కాబట్టి దానికే చెప్తాను. మామూలు పవర్ సప్లై వెడల్పు 150, ఎత్తు 86, లోతు సుమారు 140 మి.మీ.

ఈ పెట్టె లోపలి కొలతలు పొడవు 400, ఎత్తు 380, వెడల్పు 190. వెడల్పు 190 ఎలా వచ్చిందో చూడండి. నిలువు కూలర్ ఎత్తు 155. దాని కింద బోర్డు కాళ్ళు, బోర్డు, ప్రాసెసర్ కలిపి ఇంకో 16. మొత్తం 171. మిగిలిన 19 బోర్డు వెనకాల వైర్లు పోవడానికి. మీ కూలర్ పొట్టిదైతే పెట్టె కూడా సన్నబడుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని పొడవు కొలిచాకే పెట్టె పొడవు ఖాయం చేసుకోండి.

చెక్క ముట్టుకునే ముందు అట్టపెట్టె కోసి ఇదే కొలతల్లో ఒక నమూనా చెయ్యండి. బోర్డు, పవర్ సప్లై, కార్డు అన్నీ పెట్టి చూడండి. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి లోపలికి దూరుతుందా? వైరు చేరుతుందా? అట్ట తప్పుగా కోస్తే ఇంకో అట్ట. ప్లైవుడ్‌తో అలా కుదరదు.

అసలు కిటుకు: వెనక రేకు

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బోర్డు వెనక యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ సాకెట్ల చుట్టూ ఉండే పలక పల్చటి రేకులో మాత్రమే టక్కున పడుతుంది. 12 మి.మీ. చెక్కలో పట్టదు. గ్రాఫిక్స్ కార్డు బిగించడానికీ రేకే కావాలి. దీనికి సుళువైన దారి ఉంది. పాత ఇనప సామాన్ల కొట్టుకెళ్ళి ఒక పాడైన క్యాబినెట్ కొనండి. దాని వెనక రేకు, బోర్డు బిగించే పలక, రెండూ కలిపి విప్పండి లేదా కోయించండి. అంచులు ఆకురాయితో అరగదీసి, తుప్పు గీకి, ప్రైమర్ కొట్టండి. స్క్రూ తగిలే చోట్ల మాత్రం ప్రైమర్ వద్దు, అక్కడ లోహానికి లోహం తగలాలి. ఎందుకో ఎర్తింగ్ దగ్గర చెప్తాను. ఆ రేకు చుట్టూ మన చెక్క పెట్టె కడతాం.

మూలల్లో లోపలివైపు చదరపు రీపరు ముక్కలు పెట్టి, ఫెవికాల్ రాసి, స్క్రూలు రీపర్లలోకి దిగేలా బిగించండి. ప్లైవుడ్ అంచులోకి నేరుగా స్క్రూ దింపితే పొరలు విచ్చుకుంటాయి. ప్రతి స్క్రూకీ ముందు సన్నటి కన్నం వెయ్యండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో తీసుకోండి.

గాలి, దుమ్ము, బల్లి

చెక్క వేడిని బయటికి పంపదు. రేకు కొంచెమైనా పంపుతుంది. కాబట్టి గాలి దారి మనమే చూసుకోవాలి. ముందువైపు రెండు 120 మి.మీ. ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక పైభాగంలో ఒకటి బయటికి తోయాలి. ఈ ఫ్యాన్ల స్క్రూ కన్నాల మధ్య దూరం 105 మి.మీ. లోపలికొచ్చే గాలి ఎక్కువైతే, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. దుమ్ము దూరడానికి జల్లెడ ఒక్కటే దారి అవుద్ది.

ముందు పట్టీల మధ్య 10 మి.మీ. సందు, వెనకాల కిటికీకి కొట్టే దోమల మెష్. అయస్కాంతాలతో అతికిస్తే నెలకోసారి తీసి కడుక్కోవచ్చు. ఉప్పు గాలిని మెష్ ఆపదు, ఆ విషయంలో ఆశ పెట్టుకోకండి. కానీ దుమ్మునీ కొబ్బరి పీచు నలుసునీ ఆపుతుంది. బోర్డుకి హాని చేసేది ఆ దుమ్మే. ఉప్పు, తేమ పట్టుకుని కూర్చుంటుంది. వెనక ఖాళీ కన్నాలన్నిటికీ కూడా మెష్ కొట్టండి. వెచ్చగా ఉందని బల్లి దూరిందనుకోండి, అది పోవడమే కాదు, బోర్డుని కూడా తీసుకుపోతుంది.

ఎర్తింగ్: ఇది దాటెయ్యకండి

పవర్ సప్లై డబ్బా మూడో పిన్ను ద్వారా ఇంటి ఎర్త్‌కి కలిసి ఉంటుంది. మనం దాన్ని వెనక రేకుకి బిగిస్తాం. బోర్డు ఇత్తడి కాళ్ళ మీద అదే రేకుకి ఉంటుంది. అంటే లోపలి లోహమంతా ఒక్కటే. ఇందాక ప్రైమర్ వద్దన్నది అందుకే.

ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేసి వెనక రేకుకి టెస్టర్ పెట్టండి. లైటు వెలిగిందా? అయితే మీ ఇంట్లో ఎర్త్ సరిగ్గా లేదు. పవర్ సప్లై లోపల ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి. ఎర్త్ లేకపోతే వాటి వల్ల డబ్బా మీదకి సుమారు సగం కరెంటు వోల్టేజీ వచ్చి కూర్చుంటుంది. చెయ్యి జివ్వుమనేది అందుకే. మామూలుగా ఆ కరెంటు చాలా తక్కువ. కానీ లోపల ఎక్కడైనా వైరు తెగి డబ్బాకి తగిలితే, కాపాడేది ఆ మూడో పిన్నే. చెక్క పెట్టె కదా అని ధైర్యపడకండి, వెనక రేకు, సాకెట్లు, హెడ్‌ఫోన్ పిన్ను అన్నీ లోహమే.

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ గొయ్యి వేయించండి. మన నేలలో తేమ ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా అందుతుంది. ఇది కంప్యూటర్‌కే కాదు, ఇంట్లో ఫ్రిజ్‌కి, మోటారుకి, అమ్మ వాడే మిక్సీకి కూడా. ఇంకోటి: పవర్ సప్లై డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసినా లోపల చార్జి ఉంటుంది.

పవర్ బటన్

పాత క్యాబినెట్‌ది వాడొచ్చు. ముచ్చటగా కావాలంటే ఇంటి కాలింగ్ బెల్ స్విచ్ పెట్టండి. నొక్కితే కలిసి, వదిలితే విడిపోవాలి, అంతే కావాలి. మామూలుగా బోర్డు మీద ముందు ప్యానెల్ పిన్నుల్లో 6, 8 పవర్ స్విచ్‌వి, 2, 4 పవర్ లైటువి. మీ బోర్డు పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. స్విచ్ వైర్లు ఎటు పెట్టినా పర్లేదు, లైటుకి మాత్రం ప్లస్, మైనస్ ఉంటాయి. ఈ స్విచ్‌కి ఇంటి కరెంటు వైరు పొరపాటున కూడా కలపకూడదు.

పూత, పిడి, పరీక్ష

శాండ్ పేపర్ పెరట్లో పట్టండి, మూతికి గుడ్డ కట్టుకోండి. వార్నిష్ బయట ఎంత కొడతారో లోపల కూడా అంతే కొట్టండి. ప్లైవుడ్ అంచులకి ఇంకో పూత ఎక్కువ వెయ్యండి, నీరు తాగేది అక్కడే. వాసన పూర్తిగా పోయేదాకా, కొన్ని రోజులు, సామాను లోపల పెట్టొద్దు. కింద నాలుగు రబ్బరు కాళ్ళు, పైన గట్టి పిడి బిగించండి. పిడి స్క్రూలు ప్లైవుడ్‌తో ఆగకుండా రీపరులోకి దిగాలి. అటకెక్కించేటప్పుడు ఊడిందంటే అంతే సంగతులు.

చివరగా పరీక్ష. పక్క తలుపు తీసి అరగంట గేమ్ ఆడండి, ప్రాసెసర్ వేడి ఎంతో రాసుకోండి. తలుపు వేసి మళ్ళీ అరగంట. 5 డిగ్రీలకి మించి పెరిగితే ముందువైపు గాలి చాలట్లేదని అర్థం. పట్టీ ఒకటి తీసెయ్యండి. ప్రాసెసర్ వేడికే చెక్క అంటుకుంటుందేమో అని భయపడక్కర్లేదు. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గర తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, చెక్క అంటుకోవాలంటే 250 దాటాలి. నిప్పు ప్రమాదం వచ్చేది వదులైన ప్లగ్గుల వల్ల, అతుకుల వైర్ల వల్ల. వాటిని చూసుకోండి.

ఇంతేనండి. శని, ఆదివారాలు రెండు వారాలు కేటాయిస్తే అయ్యే పని. మేస్త్రి గారు కోత కోసేటప్పుడు పక్కన నిలబడి చూడండి, చిత్రిక పట్టడం ఒకసారి నేర్పమనండి. ఇంజినీరింగ్ చదివేవాడు అడిగితే ఆయన కాదనరు. మీరు కూడా ఆయన కూలి దగ్గర బేరమాడకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కరెంటు పోయినప్పుడు కంప్యూటర్‌ని కాపాడే యూపీఎస్ గురించి, బ్యాటరీ ఎంతది కావాలో లెక్క వెయ్యడం గురించి చూద్దాం. ఈలోపు మీ ఇంట్లో ఆ టెస్టర్ పరీక్ష ఒక్కటి చేసెయ్యండి. పెట్టె చేసినా, చెయ్యకపోయినా. ఉంటానండి మరి.