పేగు కాపలా, విడాల్ చీటీ

సింగరాయకొండ వరాహ నరసింహస్వామి సన్నిధిలో, మిరప, పొగాకు రైతుల నడుమ జరుగుతున్న ఈ సదస్సులో అధ్యక్షుడిగా మన ఇళ్లలో ఏటా వినపడే ఒక మాట గురించే మాట్లాడతాను: "పిల్లోడికి టైఫాయిడంట."

ఆ మాటకు ఆధారం చాలాసార్లు ఒక్క చీటీ. రెండు రోజుల జ్వరానికే ల్యాబులో రక్తం ఇస్తారు. సాయంత్రానికి చీటీ చేతికొస్తుంది: 'ఓ' 1:160, 'హెచ్' 1:80. ఇది 1896 నాటి విడాల్ పరీక్ష. అది చూసేది క్రిమిని కాదు, క్రిమి మీద మన ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలను. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్ వల్లా, దాని క్రిమికి దాయాది అయిన మరో సాల్మొనెల్లా తగలడం వల్లా ఆ అంకె పెరగొచ్చు. నిజంగా టైఫాయిడ్ వచ్చినా మొదటి వారంలో పెరగకపోవచ్చు. ముగిసిపోయిన పోరు ఆనవాలును ఇవాళ్టి దాడి అనుకుంటున్నాం. ఆ వెంటనే మందులషాపులో యాంటీబయాటిక్ కొంటున్నాం.

అసలు పోరు ఎలా జరుగుతుందో చూడండి. కలుషితమైన నీటితో దిగిన టైఫాయిడ్ క్రిమి కడుపులో ఆమ్లాన్ని తట్టుకుని చిన్నపేగు చివరికి చేరుతుంది. అక్కడ పేయర్స్ ప్యాచెస్ అనే రక్షణకణాల గుంపులున్నాయి. పేగులో ఏమొచ్చిందో తెలియడానికి వాటి పైనున్న ఎం కణాలు కొంత సరుకును లోపలికి అందిస్తుంటాయి. క్రిమి ఆ దారినే దూరి, తనను మింగిన మాక్రోఫేజ్ అనే రక్షణకణంలోనే కాపురం పెడుతుంది. వీఐ అనే చక్కెర తొడుగు కప్పుకుంటుంది కాబట్టి పేగు దాన్ని వెంటనే పసిగట్టలేదు. టైఫిమ్యూరియం అనే దాయాది సాల్మొనెల్లా మాత్రం పేగును కావాలని రెచ్చగొడుతుంది. వాపు దగ్గరికి పరుగెత్తుకొచ్చిన న్యూట్రోఫిల్స్ అనే రక్షణకణాలు వదిలే రసాయనాల వల్ల పేగులోని థయోసల్ఫేట్ టెట్రాథయోనేట్‌గా మారుతుంది. దానితో శ్వాసించడం సాల్మొనెల్లాకు వచ్చు, పేగులో స్థిరపడ్డ మంచి క్రిముల్లో ఎక్కువ వాటికి రాదు. మన రక్షణ రగిలించిన మంటే శత్రువుకు ఊపిరి! 2010లో వెలువడిన ఈ సంగతి విద్యార్థులకు చెప్పేటప్పుడు నేటికీ నా గొంతు పెరుగుతుంది.

జిగురు పొర, డిఫెన్సిన్లు, ఐజీఏ ప్రతిరక్షకాలు పేగును కాస్తాయి. వాటితోపాటు అక్కడ కాపురమున్న క్రిములూ కాస్తాయి. 1954లో షికాగోలో బోన్‌హాఫ్, మిల్లర్ బృందం ఎలుకలకు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ పట్టి చూసింది. మామూలు ఎలుకకు జబ్బు రావాలంటే లక్ష దాకా సాల్మొనెల్లా క్రిములు కావలసివస్తే, మందు తాగిన ఎలుకకు పదిలోపే చాలాయి.

యాంటీబయాటిక్‌ను తిట్టడానికి నేను రాలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులను స్ప్రూ అనే పేగు జబ్బు బలితీసుకుంది. ఆయన పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది, 1948లో టెట్రాసైక్లిన్ జాతి మందైన ఆరియోమైసిన్‌ను లోకానికి ప్రకటించింది. ఉష్ణదేశాల స్ప్రూకు నేటికీ ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ జంటే చికిత్స. అంతటి మందును అక్కర లేనిచోట వాడితే పేగుకు కాపలా పోతుంది, క్రిమి మొండికేస్తుంది. టైఫాయిడ్‌కు బ్రహ్మాస్త్రమనుకున్న క్లోరాంఫెనికాల్‌కు 1972లోనే కాలికట్‌లో క్రిమి లొంగలేదు.

హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఆ వీఐ తొడుగునే గురిపెడుతుంది. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి గుర్తింపునిచ్చింది. ఆరు నెలల బిడ్డకూ వేయవచ్చు. మన పల్లెల్లో ఎందరు తల్లులకు ఈ సంగతి తెలుసు?

ఇక్కడున్న వైద్యమిత్రులను రెండు కోరుతున్నాను. టైఫాయిడ్ అనుమానం వస్తే యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయించండి. మీ దగ్గర వసతి లేకపోతే ఒంగోలుకు పంపే ఏర్పాటు ఎలా చేయాలో ఈ మధ్యాహ్నమే కూర్చుని తేల్చుకుందాం. ఇక టీకా గురించి తేలిక తెలుగులో ఒక కరపత్రం రాయడానికి ముందుకొచ్చేవారు భోజన విరామంలో నన్ను కలవండి.