ఇంటి చూరుకు తేనెపట్టు పడితే

(పాలకాయతిప్పలో మహిళల చదువు కేంద్రంలో చెప్పిన మాటలు)

 

పొద్దుటి నుంచి పనులు చేసి అలిసిపోయి వచ్చారు. కొంతమంది చేపలు ఆరబెట్టి వచ్చారు. కొంతమంది పొలం నుంచి నేరుగా వచ్చారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఇవాళ మనం తేనెపట్టు గురించి మాట్లాడుకుందాం. ఇంటి చూరుకో, వాకిట్లో చెట్టుకో, బడి గోడకో పట్టు పడితే ఏం చెయ్యాలి? అదీ సంగతి.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. అప్పుడు నాకు పదేళ్లు. మాది తాటాకుల ఇల్లు. పశువుల పాక పక్కన చింతచెట్టు ఉండేది. దాని కొమ్మకు చేటంత పట్టు పట్టింది. రెండు నెలలు అలాగే ఉంది. ఎవర్నీ ఏమీ అనలేదు. ఒకరోజు మా బాబాయి "తేనె తీద్దాం" అన్నాడు. కర్రకు గోనెపట్టా చుట్టాడు. కిరసనాయిలు పోసి అంటించాడు. మిట్టమధ్యాహ్నం ఆ మంటను పట్టు కిందికి ఎత్తాడు.

ఈగలన్నీ ఒక్కసారి లేచాయి. బాబాయి కర్ర పారేసి పరిగెత్తాడు. మేమంతా ఇంట్లో దూరి తలుపులు వేసుకున్నాం. నిప్పురవ్వ పాక మీద పడింది. ఆర్పుదామంటే ఇరుగుపొరుగు వాళ్లు దగ్గరికి రాలేకపోయారు. సగం పాక కాలిపోయింది. పాక బయట గుంజకు పెయ్యదూడ కట్టి ఉంది. ఆ గొడవలో దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మేం తలుపు వేసుకున్నాం. దానికి తలుపు ఏది? తాడు తెంపుకోలేక గుంజ చుట్టూ తిరిగింది. సాయంత్రానికి చచ్చిపోయింది. పొద్దున దాన్ని అక్కడ కట్టింది నేనే. గట్టిగా ముడి వేశానని అమ్మ మెచ్చుకుంది కూడా.

తేనె ఒక్క చుక్క దొరకలేదు.

ఆ పట్టును అలా వదిలేస్తే ఏమయ్యేది? ఇంకో రెండు మూడు నెలల్లో దానంతట అదే ఖాళీ అయ్యేది. ఈ మాట నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అందుకే మీకు ముందే చెబుతున్నాను. పట్టు కనబడగానే చెయ్యాల్సిన మొదటి పని, ఏమీ చెయ్యకుండా దూరం నుంచి చూడటం. ఏ ఈగ అది? ఎక్కడ పట్టింది? ఎవరికి అడ్డం?

ఒక్కోసారి పట్టే ఉండదు. ఈగలు మాత్రం గుంపుగా కొమ్మకు వేలాడుతుంటాయి. అవి కొత్త చోటు వెతుక్కుంటూ దారిలో ఆగిన ఈగలు. కొన్ని గంటల్లో, మహా అయితే రెండు మూడు రోజుల్లో లేచిపోతాయి. పిల్లల్ని అటు పోనివ్వకుండా చూసుకుంటే చాలు.

చిన్న తేనెటీగ పట్టు అరచేతి అంతో, కాస్త పెద్దగానో ఉంటుంది. కంచె మీద, పొదల్లో ఒక్క కొమ్మను చుట్టుకుని ఉంటుంది. దీంతో భయం తక్కువ. తొర్రల్లో, గోడ సందుల్లో ఉండే ఈగ ఇంకో రకం. లోపల పలకలు పలకలుగా కొన్ని పట్లు పక్కపక్కనే పెడుతుంది. దీన్ని పెట్టెలో పెట్టి పెంచుకోవచ్చు. ఆ పని నేర్చుకోవాలనుకుంటే మన జిల్లాలోనే ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడ అడగండి. ఇలాంటి ఈగ గోడలో ఉన్నప్పుడు బయట మట్టి మెత్తి కన్నం మూసెయ్యకండి. అవి వేరే సందు వెతుక్కుని ఇంట్లోకి వస్తాయి.

అసలు జాగ్రత్త పడాల్సింది పెద్ద తేనెటీగతో. పట్టు ఒకటే ఉంటుంది. బారెడు వెడల్పు కూడా అవుతుంది. ఎత్తయిన చెట్లకు, నీళ్ల ట్యాంకులకు, డాబా చూరులకు పడుతుంది. దాని మీద వేల ఈగలు తెరలాగా కప్పుకుని ఉంటాయి. ఒకటి కుడితే ఆ వాసన పట్టుకుని మిగతావి వస్తాయి. మా చింతచెట్టు మీద ఉన్నది ఇదే. ఇది వలస ఈగ. పూలు ఉన్నన్నాళ్లు ఉండి, కొన్ని నెలలకు వెళ్లిపోతుంది. మన పక్కనే మడ అడవి ఉంది గదా! 1989లో ప్రభుత్వం కృష్ణా అభయారణ్యం అని ప్రకటించింది. ఆ చెట్లు పూస్తే ఈగలకు మేత. మన పాక మీద పాకిన గుమ్మడి కాయ కాయాలన్నా ఈగ వాలాలి.

పట్టు పడితే ఇంటికి అరిష్టం అంటారు కొందరు. లక్ష్మి వచ్చింది అంటారు ఇంకొందరు. ఈగకు మన అదృష్టంతో పని లేదు. దానికి కావాల్సింది పూలు, నీళ్లు, నీడ.

పట్టు ఉన్నన్నాళ్లు దాని కింద పొయ్యి పెట్టకండి. చెత్త తగలెయ్యకండి. పశువుల్ని ఆ చెట్టు కింద కట్టకండి. కట్టాల్సివస్తే ఒక్క లాగుతో ఊడే ముడి వెయ్యండి. పిల్లలు రాయి విసరకుండా చూడండి. రాయి విసిరినవాడు పారిపోతాడు. దారిన పోయే ముసలమ్మను ఈగలు కుడతాయి.

బడి గుమ్మం మీదో, నీళ్ల పంపు దగ్గరో పడితే వదిలెయ్యలేం. అప్పుడు తీయించాలి. తీయడం తెలిసిన వాళ్లనే పిలవాలి. కొన్ని ఊళ్లలో యానాది కుటుంబాల వాళ్లకు ఈ పని తెలుసు. వాళ్లు మంట పెట్టరు. పొగ పెడతారు. పొగకు ఈగల కోపపు వాసన ఒకదానికొకటి తెలియదు. పైగా అవి తేనె తాగడంలో పడతాయి. ఆ పని పొద్దు వాలాక చేస్తారు. పట్టు మొత్తం నలపరు. వాళ్లకు కూలి డబ్బులు సరిగా ఇవ్వండి. "తేనె నీకే గదా, డబ్బులెందుకు?" అనడం మర్యాద కాదు. ప్రాణానికి తెగించి చేసే పని అది. ఊరి స్థలమైతే పంచాయతీ కార్యదర్శికి చెప్పండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు గదా, కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. అభయారణ్యం లోపల మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా పట్టు కొయ్యకూడదు.

పురుగుమందు కొట్టారా, ఆ తేనె విషం. నోట పెట్టకూడదు. మంచి తేనె అయినా ఏడాది నిండని బిడ్డకు నాకించకండి. మన పెద్దవాళ్లు పురిట్లోనే నాకించేవాళ్లు. కానీ అంత చిన్న పేగులకు అందులోని సూక్ష్మజీవితో ప్రాణం మీదికి వస్తుంది.

ఈగలు లేచి వెంటబడితే చేతులు ఊపుతూ నిలబడకండి. కొంగు ముఖం మీద కప్పుకోండి. దారి కనబడేలా చూసుకుని నేరుగా పరిగెత్తి, ఇంట్లో దూరి తలుపు వెయ్యండి. చెరువులో దూకితే పోతాయనుకోకండి. తల ఎత్తేదాకా పైన తిరుగుతూ ఉంటాయి. రాత్రిపూట అయితే దీపం ఆర్పండి. వెలుగు మీదికి వస్తాయి.

కుట్టాక ముల్లు ఒంట్లో ఉండిపోతుంది. దానికి విషపు తిత్తి అంటుకుని ఉంటుంది. నిమిషం దాకా అది విషం ఎక్కిస్తూనే ఉంటుంది. కాబట్టి వెంటనే గోటితో గీకి తీసెయ్యండి. ఎలా తీశాం అన్నదాని కన్నా ఎంత తొందరగా తీశాం అన్నదే ముఖ్యం. తర్వాత సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ వెయ్యండి. సున్నం రాయడం మనకు అలవాటు. దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. కంటి దగ్గర రాస్తే కన్ను పాడవుతుంది.

ఒక్క ఈగ కుట్టినా కొందరికి పడదు. ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. పెదవులు, నాలుక వాస్తాయి. ఊపిరి ఆడదు. కళ్లు తిరుగుతాయి. అప్పుడు మంత్రం వేసే వాళ్ల కోసం చూడొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. మన రాష్ట్రంలో 2005 నుంచి ఆ బండి ఉంది. అది ఆలస్యమైతే ఆటోలోనే అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకుపోండి. అక్కడ ఇచ్చే ఇంజెక్షనే ప్రాణం నిలబెడుతుంది. నోట్లో, గొంతులో కుట్టినా వెళ్లాలి. పిల్లలకు పది కుట్లు, పెద్దలకు ఇరవై ముప్పై కుట్లు పడితే బాగానే ఉన్నా చూపించుకోండి. తర్వాత రెండు మూడు రోజులు మూత్రం రంగు చూసుకోండి. నల్లగా, ఎర్రగా వచ్చినా, తగ్గిపోయినా మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలి. ఎక్కువ విషం మూత్రపిండాల మీద పడుతుంది.

ఇంకొక్క మాట. 1977 నవంబరు 19 ఈ ఊరికి నేను చెప్పక్కర్లేదు. ఆ ఉప్పెనలో ఎవరిని పోగొట్టుకున్నారో మీకే తెలుసు. ఆ తర్వాతే మన తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. ఎత్తయిన డాబా, పెద్ద చూరు, ఏడాదిలో ఎక్కువ రోజులు మనిషి అలికిడి ఉండదు. పెద్ద తేనెటీగకు అంతకన్నా మంచి చోటు ఏముంది? గాలివాన మొదలయ్యాక, పిల్లల్ని చంకనేసుకుని మెట్లెక్కుతుంటే పైన పట్టు కనబడితే ఏం చేస్తాం? తుఫాన్ల కాలం రాకముందే, సెప్టెంబరులోనే, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి షెల్టరు చుట్టూ తలెత్తి చూసి రండి. పట్టు ఉంటే అప్పుడే తీయించండి. పాత మైనం మరకలు ఉంటే గీకించి సున్నం వేయించండి. ఏటేటా అదే చోటికి వచ్చే అలవాటు వాటికి ఉంది.

నా మాటలు అయిపోయాయి. ఇప్పుడు మీరు చెప్పండి. ఎవరింట్లో పట్టు ఉంది? వెనక కూర్చున్న అక్క ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతోంది. చెప్పక్కా, మీ ఇంట్లో ఉన్నది ఎంత ఉంది? అరచెయ్యంతా, చేటంతా?