ఈగ నరం కొన దగ్గర కాల్షియం



"ఇన్నేండ్లు చదివి ఈగలు లెక్కపెడుతున్నావా?" అని తుగ్గలికి వచ్చినప్పుడల్లా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పత్తికొండ మార్కెట్లో మెత్తబడిన టమాటాల మీద ముసిరే చిన్న ఈగలే అవి, డ్రోసోఫిలా.

కాల్షియం అంటే పాలు, ఎముకలు అని బళ్లో చదువుకున్నాం. నరానికీ అది లేనిదే పని జరగదు. కణం లోపలికంటే బయట కాల్షియం సుమారు పదివేల రెట్లు ఎక్కువ. నరం కొనకు సంకేతం రాగానే అక్కడి ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి దూకుతుంది. వెంటనే సన్నని తిత్తుల్లోని రసాయనం కండరం మీదికి విడుదలవుతుంది, కండరం ముడుచుకుంటుంది. ఆ కాల్షియాన్ని పట్టుకుని పని నడిపించే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి. 1993లో ఓలాఫ్ పాంగ్స్ బృందం ఈగలో అలాంటిదొకటి కనిపెట్టి ఫ్రీక్వెనిన్ అని పేరు పెట్టింది.

ఈగ పిల్లపురుగు పొట్టలో చాలా ఖండాల్లో పక్కకు 30 కండరాలు, ప్రతి పురుగులోనూ అదే వరస. అందుకే ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. నరం కొన కండరం మీద పూసల దండలా పరుచుకుంటుంది. ఆ పూసలే బూటన్లు. మేం లెక్కపెట్టేది ఈగల్ని కాదండీ, ఈ పూసల్ని.

2009లో టొరంటో, మాడ్రిడ్ శాస్త్రవేత్తలు ఒక సంగతి ప్రకటించారు. ఫ్రీక్వెనిన్ లోపిస్తే పూసలు పెరిగాయి, రసాయనం విడుదల మాత్రం తగ్గింది. ఫ్రీక్వెనిన్ ఎక్కువైతే పూసలు తగ్గి, విడుదల పెరిగింది. ఏపుగా పెరిగి కాయ తక్కువ పట్టిన బుడ్డల చేను మనకు కొత్త కాదు కదా! ఈ రెండూ కాల్షియం ద్వారంతో ముడిపడి ఉన్నాయని వారు చూపించారు. ఆ ద్వారం జన్యువు పేరు కకాఫొనీ, అంటే అపశ్రుతి. అది చెడితే మగ ఈగ రెక్కలతో పాడే పాట తప్పుతుంది.

మనుషుల్లో ఈ ప్రొటీనుకు జోడీ ఎన్‌సీఎస్-1. అది కాల్షియాన్ని పట్టుకున్నప్పుడు దాని ఆకారం ఎలా మారుతుందో హైదరాబాదు సీసీఎంబీలో యోగేంద్ర శర్మ గారి బృందం పరిశోధించింది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ జబ్బులున్నవారి మెదడు ముందుభాగంలో ఇది ఎక్కువగా ఉందని 2003లో ఒక అధ్యయనం వచ్చింది. అది కారణమో ఫలితమో ఆ లెక్క ఒక్కటే తేల్చలేదు. మన పల్లెల్లో మాత్రం ఆ జబ్బొచ్చిన పిల్లకు ఇప్పటికీ దయ్యం పట్టిందని తాయెత్తు కడుతున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఏండ్లు గడిచిపోతాయి.

సైన్సు సార్లకు ఒక మాట. ఈగల్ని పెంచడం తేలిక: సీసా, మగ్గిన అరటిపండు, మూతికి దూది. 25 డిగ్రీల దగ్గర పది రోజుల్లో గుడ్డు ఈగవుతుంది. మన ఎండాకాలంలో వద్దు, 30 డిగ్రీలు దాటితే మగ ఈగలకు సంతానం ఉండదు. చలికాలంలో మొదలుపెట్టండి, నేనొచ్చి పిల్లలకు చూపిస్తాను.