అక్షరము పట్టుబడని పిల్లలు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ఏటేట ఈ వేదికపై నిలిచి ఉత్తీర్ణుల పట్టిక చదువుట మాకు అలవాటు. ఈ యేడు ఆ పట్టికకు ఎక్కని పిల్లలను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా నాలుగవ తరగతిలో ఒక బాలుడుండెను. పద్యము రెండుమార్లు విన్నచో అప్పగించెడివాడు. తండ్రి పాలకోడు మండీకి వేసిన టమాటా పెట్టెల లెక్క నోటితోనే కట్టెడివాడు. పాఠము చదువుమన్న గడగడ చదివెడివాడు. ఒకనాడు దగ్గరకు పోయి చూడగా, వాడు తెరచిన పుట వేరు, చదువుచున్న పాఠము వేరు. అంతయు చెవితో పట్టిన చదువే! మేము దానిని మోసమని తలచితిమి. బల్లపై నిలబెట్టితిమి. పిల్లలందరు నవ్విరి. వారము తిరుగక ముందే తండ్రి వచ్చి, "వీనికి తెలుగు ఒంటలేదు సార్, ఇంగ్లీషు బడిలో ఏస్తాను" అని టీ.సీ. తీసికొనిపోయెను. మేమును వారింపలేదు. రెండేండ్లకు వాడు ఆ బడియు మానెనని తెలిసినది.

ఇట్టి బాలుని గూర్చి ప్రింగిల్ మార్గన్ అను ఆంగ్ల వైద్యుడు 1896లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసియున్నాడు. పదునాలుగేండ్లవాడు, చూపునకు గాని తెలివికి గాని లోటు లేదు, చదువుట మాత్రము రాదు. బోధన యంతయు నోటిమాటగా సాగినచో బడిలో వాడే మొదటివాడని వాని ఉపాధ్యాయుడు చెప్పెనట. ఈ స్థితికి డిస్లెక్సియా యని పేరు. వినిన ధ్వనిని, కంటికి కనబడు గుర్తును జతపరచుటలో మెదడు తడబడుట దీని ముఖ్య లక్షణము. ఇది సోమరితనము కాదు, మందబుద్ధి యసలే కాదు. మేము ఈ సంగతి ఆలస్యముగా తెలిసికొంటిమి.

అయితే ఆలస్యముగా చదువు వచ్చిన ప్రతి బిడ్డకు ఈ పేరు తగిలింపరాదు. మన మారండహళ్ళి పిల్లల సంగతి కొంత వేరు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, కొందరికి చుట్టములతో కన్నడము. 2006 నాటి చట్టము మొదలు బడిలో తమిళము తప్పనిసరియైనది, ఇంగ్లీషు సరేసరి. మూడు లిపులు ఒకేమారు మీద పడుచున్నవి. తమిళమున 'కె' వ్రాయునపుడు ఎత్వపు గుర్తు అక్షరమునకు ముందు నిలుచును. తెలుగున తలపై నిలుచును. ఇంట "ఆడ, ఈడ" యను పిల్లవానికి పుస్తకములోని "అక్కడ, ఇక్కడ" కొత్త మాటలే. మన లిపి తేలికయని మేము గొప్పలు చెప్పము. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడ లిపిని గూర్చి సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధనలో, అక్షరములన్నియు పట్టుబడుటకు ప్రాథమిక తరగతులలో చాల యేండ్లు పట్టునని తేలినది. గుణింతములు, ఒత్తులు ఎన్ని!

మరి గుర్తించుట యెట్లు? నెలల తరబడి సాధన చేయించినను నిన్న వచ్చిన అక్షరము నేడు మరచుట. తెలుగులోని తడబాటే తమిళమునందును, ఇంగ్లీషునందును కనబడుట. 'కమల'లో 'క' తీసివేసిన మిగిలినదేమనగా చెప్పలేకపోవుట. ఇంటిలో తండ్రికో మేనమామకో చదువు ఇట్లే కష్టమైయుండుట. ఇవి కలిసి కనబడిన శ్రద్ధ వహింపవలెను. అంతకు ముందు కన్ను, చెవి పరీక్ష చేయింపవలెను. నల్లబల్ల కనబడని పిల్లవానిని మొద్దని తిట్టిన సందర్భములు ఏ బడిలో లేవు?

ఇచ్చట మీతో ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఇట్టి బిడ్డకు మాధ్యమము మార్చిన కష్టము తీరదు. అది వెంట వచ్చును. పైగా ఇంగ్లీషున ఒకే అక్షరము పలు తీరుల పలుకును; తెలుగున వ్రాసినది వ్రాసినట్లే దాదాపుగా పలుకుదుము. బిడ్డకు చెవితో పూర్తిగా వచ్చినది ఇంటి మాట యొక్కటే. దానినే తీసివేసిన వాడు దేనిని పట్టుకొని చదువు నేర్చును?

ఇప్పుడు మా మూడవ తరగతిలో ఇసుక పళ్ళెములున్నవి. వ్రేలితో దిద్దుచు, పైకి పలుకుచు నేర్తురు. అమెరికాలో 1930ల నుండి ఆర్టన్, గిల్లింగమ్ అనువారు చూపు, వినికిడి, స్పర్శ కలిపి నేర్పు పద్ధతిని వ్యాప్తికి తెచ్చిరి. మన వీధిబడి పంతులు ఇసుకలో దిద్దించి, కలిసి వల్లింపజేసినదియు అదే తోవ. (ఆయన బెత్తమును, కోదండమును మాత్రము మాకక్కరలేదు.) పోలికగల అక్షరములను ఒకేనాడు నేర్పము, ప వచ్చిన చాల దినములకు గాని ష జోలికి పోము, మ, య లును అంతే. ఒత్తులలో మొదట అమ్మ, అక్క. ఆ పిమ్మటనే విద్య, భక్తి. పుటపై అట్టముక్క నుంచి ఒక వరుస మాత్రమే కనబడునట్లు చేయుదుము. నలుగురిలో నిలబెట్టి చదివింపము.

ధ్యాస నిలువని పిల్లలు మరికొందరు. వైద్యులు ఏ.డి.హెచ్.డి. అందురు. డిస్లెక్సియాతో కలిసి యుండుటయు కలదు. పది నిమిషముల పని, పిమ్మట లేచి సుద్దముక్కలు తెచ్చు పని. కూర్చుండుట మొదటి బల్లపై. అల్లరి చేయువాడు అందరి కంట బడును. కిటికీ వైపు చూచుచు మౌనముగా కూర్చుండు ఆడపిల్ల ఎవరికిని కనబడదు. ఆ పిల్లను గూర్చి తల్లులే మాకు చెప్పవలెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ పఠన లోపమును కూడ గుర్తించినది. మూడవ తరగతిలో లేదా ఎనిమిదవ యేట ఉపాధ్యాయులు పరిశీలింపవలెనని 2018లో నియమములు వచ్చినవి. ధ్రువపత్రమున్న పిల్లలకు ప్రభుత్వ పరీక్షలలో అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుడు లభింతురు. పత్రము తీసికొన్న పిల్లకు పెండ్లి కాదేమోనని ఒక తండ్రి మాతో అనెను. పత్రము ఊరివారికి చూపుటకు కాదయ్యా, పరీక్షాధికారికి చూపుటకు!

సభ ముగిసిన పిదప మూడవ తరగతి గదిలో మేముందుము. అనుమానమున్నవారు పిల్లవాని పాత నోటుపుస్తకములు పారవేయక తీసికొనిరండి. తప్పులున్న పుటలే మాకు కావలెను.