రిపో మారింది... మరి మన కమిట్లు ఏమయ్యాయి?

గరివిడి నుంచి ఒక ఫైనల్ ఇయర్ తమ్ముడు అడిగాడు: “అన్నా, నలుగురం కలిసి ప్రాజెక్ట్ చేశాం. టీమ్‌లో ఒకడు కోడ్ జిప్ చేసి కొత్త రిపోలో పెట్టేశాడు. ఇప్పుడు చూస్తే మొత్తం ఒక్కటే కమిట్, అదీ వాడి పేరు మీదే. ఆర్నెల్లు నేను చేసిన పని ఏదన్నా? ఇంటర్వ్యూలో ఏం చూపించాలి?”

కంగారు పడకు తమ్ముడూ. పాత రిపో ఉందంటే నీ హిస్టరీ ఉన్నట్టే.

స్థలం కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం కదా? ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో అవే చెప్తాయి. గిట్‌లో కమిట్లు కూడా అంతే. జిప్‌లో ఫైళ్లు వచ్చాయి గానీ ఆ కాగితాలు రాలేదు.

ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు. ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని, అందులో గిట్ ఇన్‌స్టాల్ చేస్తే చాలు.

ముందు కొత్త చోట ఖాళీ రిపో తెరవండి. రీడ్‌మీ కూడా పెట్టొద్దు. తర్వాత ‘గిట్ క్లోన్ డాష్ డాష్ మిర్రర్’, పక్కన పాత లింక్. బ్రాంచ్‌లు, ట్యాగ్‌లు అన్నీ వచ్చేస్తాయి. ఫోల్డర్ పేరు చివర డాట్ గిట్ అని ఉంటుంది. లోపల మీ ఫైళ్లు కనిపించవు, భయపడకండి. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘గిట్ పుష్ డాష్ డాష్ మిర్రర్’, పక్కన కొత్త లింక్. అంతే!

ఒక్క జాగ్రత్త. కొత్త రిపోలో ముందే ఏవైనా బ్రాంచ్‌లు ఉంటే ఈ పుష్ వాటిని చెరిపేస్తుంది. ఖాళీ రిపో అన్నది అందుకే.

అంతా వచ్చిందని ఎలా నమ్మాలి? ‘గిట్ లాగ్’ కొట్టి చివరి కమిట్ ఐడీ రెండు చోట్లా పోల్చండి. ప్రతి ఐడీనీ దాని ముందు కమిట్ ఐడీతో కలిపే లెక్కకడతారు. కాబట్టి చివరిది ఒకటే అయితే వెనకాల గొలుసంతా ఒకటే. ప్రతి బ్రాంచ్‌కీ ఇలాగే చూడండి.

ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు మాత్రం ఇలా రావు. అవి సైట్‌వి, గిట్‌వి కావు. కమిట్లలో వాడిన ఈమెయిల్‌ని కొత్త అకౌంట్‌లో కలపండి, అప్పుడే మీ ప్రొఫైల్‌కి లింక్ అవుతాయి. ఎప్పుడో డిలీట్ చేసిన పాస్‌వర్డ్, ఏపీఐ కీ కూడా హిస్టరీతో పాటు వచ్చేస్తాయి. వాటిని వెంటనే మార్చేయండి.

2016 జనవరిలో గూగుల్ కోడ్ అంతటిదే మూతపడింది. ఏ సైట్ అయినా శాశ్వతం కాదు. అందుకే ఒక మిర్రర్ మీ దగ్గర ఉంచుకోండి, పాత రిపోని అప్పుడే డిలీట్ చేయకండి.

తమ్ముడూ, ఈ వీడియో మీ టీమ్ గ్రూప్‌లో పెట్టు. గొడవ పడొద్దు, నలుగురూ కూర్చుని చేయండి. నలుగురి పేర్లూ తిరిగొస్తాయి. ఉంటాను మరి, బై!