బండి వెనుక బండి

2019వ సంవత్సరపు వేసవిలో మిషిగనునందలి మా కుమారునింట నుండి, కారునకు ట్రెయిలరును దగిలించుకొని కెనడాకు బయలుదేరితిమి. డిట్రాయిట్ నదిమీద 1929లో దెఱచిన అంబాసిడర్ వంతెన దాటినచో విండ్సర్ పట్టణము.

పాసుపోర్టులు, వీసాలు, కారు రిజిస్ట్రేషను, కెనడాలో జెల్లు బీమా కార్డు సరిచూచుకొంటిమి. ట్రెయిలరునకు వేఱొక రిజిస్ట్రేషను గలదని నాకు దెలియదు. మావానికి దెలిసియు, నది యింట సొరుగుననే యుండెను. సగము దారినుండి మరలితిమి.

మరలుట మేలైనది. నీళ్లడబ్బాలను నేనే బండి వెనుకభాగమున బెట్టించితిని. దారిలో నది యటునిటు నూగసాగినది. ట్రెయిలరు మొత్తపు బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కొక్కెముపై మోపవలెనట. తగ్గినచో బండి యూగును. మించినచో కారు వెనుక క్రుంగి, ముందుచక్రములకు బట్టు సడలును. పద్యమున సంధి తప్పినచో నవ్వి యూరకుందురు. ఈ సంధి తప్పినచో ప్రాణములకే మోసము. సామాను ముందునకు సర్దితిమి. రక్షణగొలుసులు రెండింటిని కొక్కెము క్రింద నొకదాని నొకటి దాటునట్లు తగిలించితిమి. కొక్కెమూడినను బండిమూతి నేల దాకక వానిపై నిలుచును. మావాడు దీపములు వెలిగింపగా నేను వెనుక నిలిచి చూచితిని.

కట్టెలమోపును మాత్రము దింపివేసితిమి. యాష్ వృక్షములను జంపు పచ్చని పురుగును 2002లో నా డిట్రాయిట్ ప్రాంతముననే కనుగొనిరి. కట్టెలతో నది యూరూరికి బ్రాకును.

సరిహద్దున నుద్యోగి మా కాగితములు చూచి, మొదట నడిగినది కట్టెలమాటయే.