దెయ్యానికి దిక్కుతోచని రాత్రి

 

స్నాతకోత్సవంలో దెయ్యాల సినిమా గురించి మాట్లాడతానంటే ప్రిన్సిపాల్ గారు నా వంక ఓసారి ఎగాదిగా చూసి, ‘సరే, మీ ఇష్టం’ అన్నారు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నా.

2017 ఆగస్టు 18న ‘ఆనందో బ్రహ్మ’ విడుదలైంది. పేరు వినగానే మీ నాన్నలకు దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం సీరియల్ గుర్తొచ్చి ఉంటుంది. అది వేరు, ఇది వేరు. ఈ సినిమా దర్శకుడు మహి వి. రాఘవ్. ఆయనకిది రెండోది. 2014లో తీసిన ‘పాఠశాల’ ఎందరు చూశారో చేతులెత్తమని మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.

తాప్సీ తప్ప పోస్టర్ మీద పెద్ద పేరు లేదు. శ్రీనివాసరెడ్డి, వెన్నెల కిశోర్, షకలక శంకర్, తాగుబోతు రమేష్ – మామూలుగా హీరో పక్కన నిలబడేవాళ్లే ఇక్కడ కథ మోశారు. ఆ కథ కూడా చాలామటుకు ఒక్క ఇంట్లోనే. మలేషియాలో ఉన్న ఆ ఇంటివాళ్ల కొడుకు దాన్ని అమ్ముకోవాలి. దెయ్యాలున్నాయన్న పుకారుతో బేరం తెగడం లేదు. డబ్బు అవసరం పీకల మీదికొచ్చిన నలుగురు, రాత్రిళ్లు అక్కడే పడుకుని, ఏమీ లేదని రుజువు చేస్తామంటారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. చేతిలో డబ్బు లేని దర్శకుడు భయం దేంతో పుట్టిస్తాడు? చీకటితో, చప్పుడుతో. తలుపు కిర్రుమనాలి, లైటు ఆరిపోవాలి, ఎవరో నడిచినట్టుండాలి. వాటికి పెద్ద ఖర్చు లేదు. రాఘవ్ ఏం చేశాడంటే, ఆ ఇంట్లోకి వెన్నెల కిశోర్‌ని పంపాడు. అతనికి రేచీకటి, పైగా చెవుడు. దెయ్యం ఎదురుగా నిలబడితే కనపడదు, అరిస్తే వినపడదు. తన విద్యలన్నీ వృథా పోతుంటే పాపం, దెయ్యమే బిక్కచచ్చిపోయింది. మనుషులకు దెయ్యాలు భయపడతాయన్న ఊహ అక్కడ నవ్వుగా మారింది. గ్రాఫిక్స్‌కి కోట్లుంటే ఈ పాత్ర పుట్టేదా అని నా అనుమానం.

సినిమాలో లోపాల్లేవా? ఉన్నాయి. రెండో సగంలో కామెడీ కొన్నిచోట్ల సాగింది. అయినా 2019లో తమిళులు తమన్నాతో ‘పెట్రోమాక్స్’గా, కన్నడిగులు ‘మనె మారాటక్కిదె’గా మళ్లీ తీసుకున్నారు. అదే ఏడాది రాఘవ్ మమ్ముట్టితో ‘యాత్ర’ తీశాడు. నాలుగు గోడల మధ్య నలుగురితో నడిపినవాడు, వై.ఎస్. పాదయాత్ర జనాన్ని తెరమీదికి తెచ్చాడు.

ఇలా చేతిలో డబ్బు లేకుండా మొదలుపెట్టినవాళ్లు బయటా ఉన్నారు. న్యూజిలాండ్‌లో పీటర్ జాక్సన్ అనే కుర్రాడు పత్రికాఫీసులో ఉద్యోగం చేస్తూ, వారాంతాల్లో స్నేహితులను పోగేసి నాలుగేళ్లపాటు ‘బ్యాడ్ టేస్ట్’ అనే సినిమా తీశాడు. 1987లో వచ్చింది. గ్రహాంతరవాసుల మాస్కులు వాళ్లమ్మ వంటింటి ఓవెన్‌లోనే కాల్చాడు. ఆవిడ ఏమనుకుందో! అతనే తర్వాత ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తీశాడు, దాని చివరి భాగానికి 11 ఆస్కార్లు వచ్చాయి.

అంత దూరం ఎందుకు, మన ఊరు విడవలూరు సంగతే చూడండి. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా, గుడిసెలో ఒక్క బల్బు, ఏరేటర్ల హోరు, అవతల రామతీర్థం వైపు సముద్రం. అద్దె లేని సెట్టింగు. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, కాపలావాడికి దెయ్యం కంటే రొయ్యలు చచ్చిపోతాయన్నదే భయం. పాపం, దెయ్యాన్ని పలకరించే తీరికైనా ఉండదు. ‘జనరేటర్ ఆన్ చేద్దువు రావే’ అని దాన్నే పనిలో పెడతాడేమో!

ఇది మీ కథ. వాడుకోండి, నేను అడ్డం రాను. ఫోన్‌లోనే తీసినా సరే, ఇదే హాల్లో వేయండి. టిక్కెట్టు పెట్టినా వస్తాను, కాకపోతే ఫ్యాను కింద సీటివ్వాలి.